పర్మనెంట్ టాటూకి ముందు టెంపరరీ వేయించుకుని చూస్తే ఉపయోగం ఉంటుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు 23. కుడి మణికట్టు లోపలివైపు అమ్మగారి పేరు తెలుగులో వేయించుకోవాలని ఉంది, ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ముందు టెంపరరీ వేయించుకుంటే అసలుది ఎలా ఉంటుందో తెలుస్తుందా? ఎగ్జిబిషన్లో నల్ల మెహందీతో వేస్తున్నారు, అది పర్లేదా? సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) కానిస్టేబుల్‌కి అప్లై చేశారు కాబట్టి దానికేమన్నా అడ్డం వస్తుందా?

నేను విజయవాడలో టాటూలు వేస్తానండీ. అంతకుముందు పెళ్ళిళ్ళకి మెహందీ పెట్టేదాన్ని, ఇప్పటికీ ముహూర్తాల సీజన్లో ఆ పని మానలేదు. కాబట్టి చెరిగిపోయేదాని సంగతీ, చెరగనిదాని సంగతీ రెండూ చెప్పగలను.

ముందు సూటిగా జవాబు. టెంపరరీ వేయించుకుని చూడండి, మంచి ఆలోచన. కాకపోతే అది మీకు తేల్చిపెట్టేవి రెండే రెండు: ఎక్కడ వేయించుకోవాలి, ఎంత సైజులో వేయించుకోవాలి. నొప్పి, మానడం, పదేళ్ళ తర్వాత గీతలు ఎలా తయారవుతాయి, ఇవేవీ దాంతో తెలియవు. రంగు విషయంలో అయితే టెంపరరీ మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది కూడా. నల్ల మెహందీ జోలికి మాత్రం పోవద్దు. సీఐఎస్ఎఫ్ అంటున్నారు కాబట్టి కుడి చెయ్యి ఆలోచన ఇవాళే మానేయండి. కారణాలు ఒక్కొక్కటీ చెప్తాను.

పర్మనెంట్ టాటూలో సూది పైచర్మం దాటి లోపొరలో ఇంకు వదులుతుంది. పైచర్మం నెలకో నెలన్నరకో రాలిపోయి కొత్తది వస్తుంటుంది, లోపొర అలా రాలదు, అందుకే ఇంకు ఉండిపోతుంది. టెంపరరీ ఏ రకమైనా ఆ రాలిపోయే పైచర్మం మీదే ఉంటుంది. స్టిక్కర్ అయితే దాని మీద అంటుకుని ఉంటుంది, మెహందీ, జాగువా (ఒక కాయ రసంతో వేసేది, కింద చెప్తాను) అయితే దాని పైపై పొరల్లో ఇంకుతాయి. చర్మం రాలేకొద్దీ బొమ్మ కూడా పోతుంది. పోవడం ఎంత సహజమో ఇక్కడే తెలుస్తోంది కదా, కాబట్టి "ఏడాది ఉండే టెంపరరీ" అని ఎవరన్నా అంటే అనుమానించండి. సూదితో లోపొరలో పెట్టింది ఏడాదికి ఖచ్చితంగా పోతుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు. అమెరికాలో తొమ్మిది నుంచి పదిహేను నెలల్లో కరిగిపోయే ఇంకు అని ఒక సంస్థ 2021లో స్టూడియో తెరిచి బాగా పేరు తెచ్చుకుంది. చెప్పిన గడువు దాటినా మరకలు పోలేదని చాలామంది గోల పెట్టారు. మన ఊళ్ళలో కూడా "సెమీ పర్మనెంట్" అని బోర్డులు కనిపిస్తున్నాయి. సూది గుచ్చారంటే దాన్ని పర్మనెంట్ కింద లెక్కేసుకోండి, అంతే.

ఇక నిజంగా చెరిగిపోయేవి.

నీళ్ళ స్టిక్కర్లు మనందరికీ తెలిసినవే, చిన్నప్పుడు బబుల్‌గమ్‌లో వచ్చేవి. ఇప్పుడు ఆన్‌లైన్లో మన డిజైన్ ఇస్తే ప్రింట్ చేసి పంపుతున్నారు, ఇంట్లో ప్రింటర్ ఉంటే ఆ కాగితం కొనుక్కుని మనమే వేసుకోవచ్చు. మూడు నాలుగు రోజులు ఉంటుంది, మణికట్టు దగ్గర వాచీ రాసుకుంటే ఇంకా తొందరగా అంచులు లేస్తాయి. కొబ్బరినూనె రాసి కాసేపు ఆగి రుద్దితే పోతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కాగితం మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిప్పి ప్రింట్ చేయాలి. లేకపోతే అమ్మగారి పేరు చేతిమీద తిరగబడి వస్తుంది. ఎయిర్‌బ్రష్ అని పార్టీల్లో స్ప్రే చేస్తారు, అది ఓ వారం ఉంటుంది, ఫంక్షన్‌కి సరదా తప్ప మీ అవసరానికి పనికిరాదు.

గోరింటాకు మెహందీ అరచేతిలో ఎంత ఎర్రగా పండినా మణికట్టు దాటాక నారింజ రంగు దగ్గరే ఆగిపోతుంది. అరచేతి చర్మం మందం, ముంజేతి చర్మం పల్చన, రంగు పట్టడానికి అక్కడ పొరలే తక్కువ. పైగా మనవాళ్ళ కళ్ళకి అది మెహందీ లాగే కనిపిస్తుంది, ఎవరూ "టాటూ వేయించుకున్నావా" అని అడగరు. మీరు పరీక్షించాలనుకున్నది అదే కదా. అందుకని సైజు చూసుకోవడానికైతే ఓకే, అంతకు మించి పనికిరాదు.

నేను సిఫార్సు చేసేది జాగువా. దక్షిణ అమెరికాలో జెనిపా అనే చెట్టుకి కాసే కాయ రసం అది. అమెజాన్ ప్రాంతం ఆదివాసులు ఒంటిమీద గీతలు వేసుకోవడానికి ఎప్పట్నుంచో వాడుతున్నారు. కాయ పచ్చిగా ఉన్నప్పుడు తీసిన రసంలో రంగేమీ ఉండదు, మన చర్మంలోని ప్రొటీన్లతో కలిశాక నీలం కలిసిన నలుపుకి తిరుగుతుంది. అసలు టాటూకి దీనంత దగ్గరగా కనిపించే టెంపరరీ నేను చూడలేదు. కెనడాలో టొరంటో అన్నదమ్ములు 2015లో పెట్టిన ఇంక్‌బాక్స్ కంపెనీ ఈ కాయ గుణం మీదే నిలబడింది. 2022లో పెన్నులు చేసే బిక్ కంపెనీ దాన్ని 6.5 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. అంటే చెరిగిపోయే టాటూకి గిరాకీ ఎంత ఉందో చూడండి.

వేయించుకునే రోజు చేతికి నూనె, లోషన్, సన్‌స్క్రీన్ ఏమీ రాయకండి. సబ్బుతో కడిగి బాగా ఆరనివ్వండి. జెల్ పెట్టాక రెండు మూడు గంటలు కదపకుండా ఉంచి కడిగేయాలి. కడగ్గానే చూసి చాలామంది మొహం చిన్నబుచ్చుకుంటారు, ఎందుకంటే అప్పుడు పెన్సిల్ గీత చెరిపినట్టు లేత బూడిదరంగే ఉంటుంది. మర్నాటికి నీలం తిరుగుతుంది, రెండో రోజుకి నల్లబడుతుంది. ఆపైన పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు. అంట్లు తోమే చేతులు, జిమ్, ఈతకొలను ఉంటే ఇంకా ముందే వెలిసిపోతుంది. పోయేటప్పుడు ఒక్కసారిగా పోదు, గీతలో అక్కడక్కడా మచ్చలుగా ఊడుతుంది, ఆ చివరి మూడు రోజులు చూడ్డానికి బాగోదు, ఫుల్ హ్యాండ్స్ వేసుకోండి. కొందరికి ఇది కూడా పడదు, కాబట్టి ముందు మోచెయ్యి మడతలో చిన్న చుక్క పెట్టి రెండు రోజులు చూసుకోండి. దురదగానీ దద్దుగానీ వస్తే అక్కడితో ఆపేయండి.

జాగువా అని చెప్పి వేరేది అమ్మేవాళ్ళు ఉన్నారు. గుర్తుపట్టడం తేలిక: కడిగిన వెంటనే కారునలుపు వచ్చిందంటే అది జాగువా కాదు.

ఇక్కడ నల్ల మెహందీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికొచ్చే పిల్లల్లో సగం మంది "టెంపరరీయే కదా, ఏమవుతుంది" అంటారు. గోరింటాకులో నలుపు లేదు. ఎన్ని లవంగాలు పొగ పట్టినా, ఎంత చక్కెర నిమ్మరసం అద్దినా అది ఎరుపు నుంచి ముదురు గోధుమ దాకా వెళ్తుంది తప్ప నల్లబడదు. అరగంటలో నల్లగా వచ్చే కోన్‌లో సాధారణంగా కలిపేది పీపీడీ అనే రసాయనం, తలకి వేసుకునే నల్లరంగుల్లో ఉండేది. తలరంగులోనే అది తలకి పట్టించేటప్పటికి 2 శాతం దాటకూడదని యూరప్‌లో నిబంధన ఉంది, చర్మం మీద బొమ్మలు వేయడానికైతే అక్కడా అమెరికాలోనూ అనుమతే లేదు. ఎగ్జిబిషన్ కోన్‌లో ఎంత కలిపారో కలిపినవాడికైనా తెలుస్తుందో లేదో.

నా దగ్గరికి ఒకమ్మాయి చెయ్యి చూపించుకోవడానికి వచ్చింది. ఎగ్జిబిషన్‌లో పెట్టించుకున్న గులాబీ. రంగు అప్పటికే వెలిసిపోయింది, కానీ బొమ్మ ఉంది. గీత ఎక్కడ గీశారో సరిగ్గా ఆ గీత వెంటే నీటిబొబ్బలు లేచాయి, రేకులు లెక్కపెట్టొచ్చు. ఆకుల ఈనెలు కూడా తేలి ఉన్నాయి. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు, వెంటనే చర్మం డాక్టరు దగ్గరికి పంపించాను. బొబ్బలు మందులతో తగ్గాయి. ఆ గులాబీ ఆకారంలో చర్మం తెల్లబడి చాలా నెలలు ఉండిపోయింది. చెరిగిపోతుందని పెట్టించుకున్నది చెరక్కుండా కూర్చుంది.

అసలు చిక్కు బొబ్బలతో అయిపోదు. ఒకసారి పీపీడీ పడలేదంటే ఒళ్ళు దాన్ని జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఎప్పుడో తెల్లవెంట్రుకలకి రంగు వేసుకుంటే మొహం, కళ్ళు వాచిపోయే ప్రమాదం ఉంటుంది. కొన్ని బట్టల రంగులు, కొన్నిరకాల మత్తు పూతలు కూడా పడకపోవచ్చు. "పోయినేడాది పెట్టించుకున్నా, ఏమీ కాలేదు" అనేది భరోసా కాదు. మొదటిసారి ఒళ్ళు ఊరుకుని రెండోసారి తిరగబడటం ఈ రసాయనంతో మామూలే. పసిపిల్లలకైతే నల్లదే కాదు, మామూలు గోరింటాకు కూడా డాక్టర్ని అడక్కుండా పెట్టొద్దు. జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉన్న పిల్లల్లో రక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది, లోపం ఉందో లేదో చూసి చెప్పలేం.

సరే, రంగు విషయంలో టెంపరరీ తప్పుదారి పట్టిస్తుందన్నాను కదా. స్టిక్కర్ రంగు మన చర్మం పైన ఉంటుంది, అసలు ఇంకు చర్మం కింద ఉంటుంది. మన చామనఛాయ అంతా ఆ పైచర్మంలోనే ఉంది. అంటే అసలు టాటూని మనం ఎప్పుడూ నల్ల కళ్ళద్దాల్లోంచి చూస్తున్నట్టే. స్టిక్కర్లో మెరిసిన పసుపు, లేత గులాబీ, తెలుపు చర్మం కింద పడ్డాక మట్టి రంగుకి దిగుతాయి, తెల్ల ఇంకు అయితే కొన్నాళ్ళకి పాత మచ్చలా ఉంటుంది. స్టిక్కర్ చూపించి "ఇదే రంగులు కావాలి" అంటే నేను వెయ్యను. మీరు నలుపులో పేరు మాత్రమే అనుకుంటున్నారు కాబట్టి ఈ బాధ మీకు లేదు. జాగువా చూపించే నీలినలుపు అసలుదానికి చాలా దగ్గర.

నలుపు కూడా ఎన్నాళ్ళకి ఏమవుతుందో చూడాలంటే మీ అమ్మమ్మగారి తరం ఆడవాళ్ళ ముంజేతులు చూడండి, పల్లెల్లో ఇంకా కనిపిస్తారు. ఊరూరా తిరిగే ఎరుకల ఆడవాళ్ళు సూదులు కట్టకట్టి, దీపం మసిని ఆకు పసరుతో కలిపి పొడిచిన పచ్చబొట్లు అవి. పొడిచినప్పుడు అది మసే, అంటే నలుపే. పైచర్మం గుండా చూస్తాం కాబట్టి పచ్చగా, నీలంగా కనబడుతుంది. చుక్కలు మినపగింజలంత అయిపోయి ఉంటాయి, పక్కపక్క గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఇప్పటి మెషీన్లు, ఇంకులు చాలా మెరుగే, కానీ ఇంకు ఏళ్ళు గడిచేకొద్దీ పక్కలకి పాకడం మాత్రం ఆగలేదు. ఏ టెంపరరీ ఈ పాకుడు చూపించదు.

తెలుగు అక్షరాలకి ఇదే అసలు పరీక్ష. ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు నిలువుగీతలు, అరసున్నాలు. మనవి అన్నీ గుండ్రాలు, గుండ్రంలో గుండ్రం, కింద ఒత్తు, పైన తలకట్టు. అర సెంటీమీటరు ఎత్తులో "సుబ్బలక్ష్మి" అని వేస్తే వేసినరోజు ముద్దుగా ఉంటుంది. ఐదారేళ్ళకి క్ష కింద మ ఒత్తు చిన్న నల్లముద్ద అవుతుంది. "థ" లోపలి చుక్క మూసుకుపోతుంది, "ష" లోపలి మెలిక కలిసిపోతుంది. నేను అక్షరం ఒళ్ళు సెంటీమీటరుకి తగ్గితే వెయ్యను, ఒత్తులుంటే కింద ఇంకాస్త జాగా అడుగుతాను. మణికట్టు చుట్టూ పొడుగు పేరు పట్టకపోతే కొంచెం పైకి, ముంజేతి మీదికి జరపాలి. ఈ సంగతి టెంపరరీతో ఇంట్లో కూర్చునే తేలిపోతుంది: మీరు అనుకున్న సైజులో ఒకటి, దానికి రెట్టింపులో ఒకటి, రెండు స్టిక్కర్లు వేసుకుని చెయ్యి చాచి చూడండి. సన్నది కావాలన్నవాళ్ళలో చాలామంది పెద్దదాని దగ్గర ఆగుతారు.

ఇంకో సంగతి. టాటూవాళ్ళ కంప్యూటర్లలో తెలుగు తరచూ విరిగిపోతుంది. ఫోటోషాప్‌లో భారతీయ లిపుల సెట్టింగ్ పెట్టుకోకుండా వాట్సాప్‌లో వచ్చిన పేరు అతికిస్తే ఒత్తులు విడిపోయి, మధ్యలో పొల్లులు మొలుస్తాయి. తెలుగు చదవడం రాని ఆర్టిస్టు అయితే అది తప్పని కనిపెట్టలేడు, వచ్చింది వచ్చినట్టు స్టెన్సిల్ తీస్తాడు. ముంబయిలోనో బెంగుళూరులోనో వేయించుకున్న అలాంటి పేర్లు సరిచేయమని నా దగ్గరికి వస్తుంటారు, అందులో సరిచేయగలిగేవి తక్కువ. డీటీపీ షాపులో అను ఫాంట్‌లో టైప్ చేయించి బొమ్మగా తెచ్చుకుంటే ఈ గొడవ ఉండదు. అంతకన్నా మంచిది, అమ్మగారి పేరు అమ్మగారి చేతే కాగితం మీద రాయించండి. ఆవిడ చేతిరాతే వేస్తాం. ఇంట్లో మాట కదపడానికి కూడా అది మంచి దారి.

పైసా ఖర్చు లేని పద్ధతి ఒకటుంది, చాలామందికి తెలియదు. టాటూ వేసేముందు ఎలాగూ ఊదారంగు స్టెన్సిల్ చర్మం మీద అంటిస్తాం. "ఇవాళ స్టెన్సిల్ ఒక్కటే పెట్టండి, రెండు రోజులు చూసుకుని వస్తాను" అని అడగండి. నేనైతే కాదనను, తెలిసిన ఆర్టిస్టు ఎవరూ కాదనరు. విసుక్కున్నారంటే ఆ షాపు మీకు తగింది కాదని అర్థం. స్నానంలో రుద్దకపోతే ఒకటి రెండు రోజులు ఆనవాలు ఉంటుంది. ముందు ఇది, నచ్చితే జాగువా, ఆ వరసలో వెళ్ళండి.

జాగువా వేసుకున్న పది రోజులూ దాచకుండా తిరగండి. ఆఫీసు, బస్సు, బంధువుల పెళ్ళి, గుడి, అన్నిచోట్లకీ. ఒక ఇంజనీరింగ్ కుర్రాడు మెడ పక్కన పక్షి కావాలని పట్టుబట్టాడు. జాగువాతో వేసి పంపించాను. వారంలో తిరిగొచ్చి, "మేడం, క్లాసులో, హాస్టల్లో, చివరికి బార్బర్ షాపులో కూడా ఇదేంటి ఇదేంటని అడిగినవాళ్ళకి చెప్పలేక చచ్చాను" అన్నాడు. పక్షి భుజం మీదికి మారింది, చొక్కా కింద హాయిగా ఉంది. కూచిపూడి నేర్చుకునే ఒకావిడ అరంగేట్రాలు, ప్రదర్శనలు ఉన్నంతకాలం చేతులు బోసిగా ఉండాలని, ప్రదర్శన లేని నెలల్లో మాత్రం జాగువా పెట్టించుకుంటుంది. ఆవిడకి పర్మనెంట్ అవసరమే పడలేదు. టెంపరరీ దగ్గరే ఆగిపోవడం తక్కువేమీ కాదండీ.

బొమ్మ పోయాక వెంటనే షాపుకి పరిగెత్తకండి. కొన్నాళ్ళు ఖాళీ చెయ్యి చూసుకోండి. వెలితిగా ఉందా, "హమ్మయ్య, పోయింది" అనిపించిందా అన్నదే అప్పుడు చూసుకోవాల్సింది. ఇంట్లోవాళ్ళకి మాత్రం వేయించుకునే ముందే చెప్పండి, జాగువా నిజం టాటూలాగే ఉంటుంది. ఒకాయన కూతురి చెయ్యి చూసి, టెంపరరీ అని ఎంత చెప్పినా నమ్మక, అది వెలిసిపోయేదాకా మాట్లాడలేదు.

పర్మనెంటే అని తేల్చుకుంటే టెంపరరీ నేర్పని సంగతులు కొన్ని. మణికట్టు లోపలివైపు చర్మం పల్చన, నొప్పి తెలుస్తుంది, చిన్న పేరు కాబట్టి ఓర్చుకోవచ్చు. మానడానికి రెండు మూడు వారాలు, అన్నాళ్ళూ ఎండ తగలకూడదు, నానబెట్టకూడదు, పొక్కు గిల్లకూడదు. చెవి కుట్టించుకున్నచోటో, దెబ్బ తగిలినచోటో చర్మం గడ్డకట్టి ఉబ్బిన వాళ్ళు ముందు చర్మం డాక్టర్ని కలవాలి, టాటూ గీత కూడా అలాగే ఉబ్బే ప్రమాదం ఉంది. కొత్త సూది మీ కళ్ళ ముందు ప్యాకెట్ చింపి తీయాలి, ఇంకు చిన్న కప్పులో మీకోసం విడిగా పోయాలి. తిరునాళ్ళలో ఒకే సూదితో వరసగా వేసేచోట హెపటైటిస్ బీ, సీ, హెచ్ఐవీ భయం నిజమైన భయమే. మీకు రక్తదానం అలవాటుంటే, టాటూ తర్వాత ఏడాది పాటు తీసుకోరు.

"నచ్చకపోతే లేజర్ ఉందిగా" అని మాత్రం మొదలుపెట్టకండి. నల్ల ఇంకుకి, మన రంగు చర్మానికి వాడేది 1064 నానోమీటర్ల లేజర్. అది ఇంకుని ముక్కలు చేస్తుంది, ఆ ముక్కల్ని ఒళ్ళే మెల్లగా మోసుకుపోవాలి. అందుకే ఆరేడు వారాల ఎడంతో చాలా సిట్టింగులు పడుతుంది, వేయించుకున్న ఖర్చుకి ఎన్నో రెట్లు అవుతుంది. మన చర్మం మీద తెల్లమచ్చ మిగిలే అవకాశం కూడా ఉంది.

చివరగా సీఐఎస్ఎఫ్. కేంద్ర బలగాల మెడికల్‌లో టాటూ నిబంధన స్పష్టంగా ఉంది. ముంజేతి లోపలివైపు, అదీ ఎడమ చేతికే, ఎందుకంటే కుడి చెయ్యి సెల్యూట్ చేసే చెయ్యి. లేదంటే అరచేతి వెనకభాగం. మతచిహ్నాలకి, పేర్లకి అనుమతి ఉంది, కాబట్టి అమ్మగారి పేరుతో ఇబ్బంది లేదు. సైజు ఆ భాగంలో నాలుగో వంతుకన్నా తక్కువ ఉండాలి. ఆర్మీ నిబంధన కొద్దిగా వేరు, అక్కడ ఏ చేతికైనా ముంజేతి లోపలివైపు, చేతి వెనకవైపు పర్లేదు, ఇంకెక్కడున్నా సాధారణంగా ఎంపిక చెయ్యరు. అయినా మీ నోటిఫికేషన్లో మెడికల్ భాగం మీరే ఒకసారి చదవండి. నా మాట అడిగితే ఉద్యోగం చేతికొచ్చేదాకా ఎడమ చేతికి కూడా పర్మనెంట్ వద్దు. జాగువా కూడా మెడికల్‌కి మూడు వారాల ముందే ఆపేయండి, అక్కడ కూర్చుని ఇది చెరిగిపోయేదని డాక్టర్లకి నచ్చజెప్పే పని మీకెందుకు?

అమ్మగారి చేతిరాత ఫోటో తీసి ఇక్కడే కింద పెట్టండి, పక్కన ఒక స్కేలు ఉంచండి. ఒత్తులు నిలవాలంటే ఎంత పెద్దది చేయాలో చూసి చెప్తాను.